కడుపు నిండిన ధ్రువపత్రం

రేవులవలస ఏరియా ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న బమ్మిడి అరుంధతిని ఊరంతా మందులమ్మ అనే పిలుస్తుంది. ఆమెకు ఒక అలవాటుండేది. నొప్పి బిళ్ళల కోసం ఎవరొచ్చినా డాక్టరు రాసిన చీటీ చూసి ఊరుకోక నాలుగు మాటలు అడిగేది. కడుపులో పుండుందని ఎప్పుడైనా చెప్పారా, బీపీకో కిడ్నీకో మందులు వాడుతున్నావా, ఇదే నొప్పికి ఇంకెక్కడైనా బిళ్ళలు తెచ్చుకున్నావా, నెల తప్పావా. ఔనన్న వాళ్ళను మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపేది. కాదన్న వాళ్ళకు బిళ్ళలు చేతిలో పెట్టి, తిన్నాకే వేసుకో, మూడు రోజులు దాటనీయకు, విరేచనం నల్లగా అయితే మానేసి వెంటనే రా అని చెప్పేది.

మొత్తం ఒక్క నిమిషం పని. ఆ నిమిషం దగ్గర మాత్రం ఆమె మొండిగా ఉండేది. ఎందుకంటే రేవులవలస చుట్టూ ఉన్నవన్నీ జీడిపిక్కల షెడ్లు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని పిక్కలు కొట్టే ఆడవాళ్ళకు నడుమో మెడో భుజమో లాగని రోజుండదు. పైగా ఆ చుట్టుపక్కల కిడ్నీ రోగి లేని వీధి లేదు. అక్కడ నొప్పి బిళ్ళను శనగపప్పులా పంచడం ఆమెకు చేతకాదు.

ఆ నిమిషానికి ఆపద రాజధాని నుంచి వచ్చింది.

రాజధానిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన హోదా పేరు చాలా పొడుగు, మనకిక్కడ అక్కర్లేదు. ఒకనాడు ఆయన మోకాలి నొప్పికి పరగడుపున బిళ్ళ మింగి సమీక్షా సమావేశానికి వెళ్ళాడు. మధ్యలో కడుపు మంట మొదలై, పథకాల అమలు మీద తన ప్రసంగాన్ని పదకొండో నిమిషంలోనే ఆపేయవలసి వచ్చింది. అంతకుముందు ఆయన గంటన్నరకు తక్కువ మాట్లాడింది లేదు. విన్నవాళ్ళకు ఆ బిళ్ళ మీద లోలోపల గౌరవం కలిగినా, ప్రభుత్వానికి మాత్రం ఆందోళన కలిగింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది.

“నొప్పి నివారణ మాత్రలను ఖాళీ కడుపుతో సేవించుట వలన ప్రజారోగ్యమునకు వాటిల్లుచున్న ముప్పును ప్రభుత్వము తీవ్రముగా పరిగణించినది. ఇకపై కడుపు నిండినట్లు నిర్ధారణ అయిన రోగులకు మాత్రమే సదరు మాత్రలు పంపిణీ చేయవలెను. అతిక్రమించిన ఫార్మసిస్టులు వ్యక్తిగతముగా బాధ్యులగుదురు.”

అరుంధతి ఆ కాగితం రెండుసార్లు చదివింది. అందులో పుండు మాట లేదు, కిడ్నీ మాట లేదు, ఎన్ని రోజులన్న మాట లేదు. ఉన్న ఒక్క మాటా మంచిదే కదా అని సరిపెట్టుకుంది. అయినా మనసొప్పక సూపరింటెండెంటు డాక్టర్ విరూపాక్షరావు గదికి వెళ్ళి, తను అడిగే నాలుగు ప్రశ్నలు కూడా పైవాళ్ళు ఉత్తర్వులో కలిపితే బాగుంటుందని చెప్పింది. ఆయన మంచివాడు. పద్నాలుగు నెలల్లో రిటైరవుతాడు గనక మంచితనాన్ని అప్పటిదాకా ఖర్చు చెయ్యకుండా ఉంచుకున్నాడు. ఉత్తర్వులో లేనిది కలపమంటే ఉత్తర్వు చాలదన్నట్టవుతుందని, అది ప్రభుత్వాన్ని విమర్శించడం కిందికి వస్తుందని ఆమెకు మెల్లగా నచ్చజెప్పి పంపేశాడు.

మొదటివారం కిటికీ దగ్గర ఒక రిజిస్టరు పెట్టారు. ‘భోజనం చేసితిని’ అన్న గడిలో సంతకమో వేలిముద్రో వేస్తే బిళ్ళలు. వచ్చిన వాళ్ళందరూ వేశారు. వాళ్ళలో తవిటమ్మ ఒకతె. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పెద్ద షెడ్డులో పిక్కలు కొడుతుంది, జీడి నూనెకు వేళ్ళన్నీ నల్లబడి ఉంటాయి. ఆమె వేలికి సిరా పూయవలసిన అవసరం కూడా రాలేదని పక్కనున్న వాళ్ళు నవ్వారు. అరుంధతి అలవాటు ప్రకారం అడిగితే, బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటున్నానని తవిటమ్మ చెప్పింది. అయితే నీకీ బిళ్ళలు వద్దు, డాక్టరుగారితో చెప్పి వేరేది రాయించుకో అని అరుంధతి పంపింది. తవిటమ్మ వెళ్ళి తేలిక మందు రాయించుకుని, భుజానికి పూసుకునే మందు కూడా తీసుకుని వెళ్ళింది. అదే ఆ కిటికీ దగ్గర జరిగిన చివరి సక్రమమైన పని.

రెండోవారం జిల్లా నుంచి గోవర్ధన పట్నాయక్ వచ్చాడు. ఈ ఉత్తర్వు కోసమే కొత్తగా పుట్టించిన కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఔషధ సురక్షిత వినియోగ ప్రత్యేకాధికారి అని దాని పేరు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఫైలును గుండెలకు ఆనించి పట్టుకుంటాడు. రిజిస్టరు తిరగేసి, పేజీల నిండా ఉన్న వేలిముద్రలు చూసి నిట్టూర్చాడు.

“వేలిముద్ర వేలిది,” అన్నాడు. “కడుపుది కాదు.”

దానితో వేలిముద్రలు చెల్లకుండా పోయాయి. వాటి స్థానంలో కడుపు నిండిన ధ్రువపత్రం వచ్చింది. రోగి తన ఊరి సచివాలయంలో ఉద్యోగి ఎదుట భోంచేసి, ఏమి తిన్నదీ, ఎంత తిన్నదీ, ఎన్ని గంటలకు తిన్నదీ రాయించుకుని ముద్ర వేయించుకురావాలి. పత్రం రెండు గంటలు చెల్లుతుంది. ఆ తర్వాత తిన్నది అరిగిపోతుందని నిపుణులు తేల్చారట. పల్లెల నుంచి రేవులవలసకు బస్సు గంటంబావు. ఆసుపత్రిలో చీటీ వరస గంట. పత్రాలన్నీ వరసలోనే అరిగిపోయేవి. పూట పని మానుకుని వచ్చిన తవిటమ్మ పత్రం పదకొండు నిమిషాల తేడాతో కాలం చెల్లింది. ఈసారి ఆమె వచ్చింది పాత తేలిక మందు కోసమే. కాని పట్నాయక్ సవరణలో ‘నొప్పికి వాడు సమస్త మాత్రలు’ అని ఉంది. అరుంధతి ఎవరినీ మినహాయించలేకపోయింది. పైగా కిటికీ దగ్గర నింపవలసిన నమూనాలో గడులు పన్నెండయ్యాయి. ఆమె ఒక ముసలాయనను కిడ్నీ గురించి అడుగుతుంటే పట్నాయక్ విని, నమూనాలో లేని అనుబంధ ప్రశ్నల వలన వరస ఆలస్యమగుచున్నదని అక్కడికక్కడే మెమో రాయించాడు. ఆ రోజుతో ఆమె నిమిషం పోయింది.

పత్రాలు దారిలో అరిగిపోతున్నాయన్న ఫిర్యాదులు పైకి వెళ్ళాయి. పై అధికారులు దయతో స్పందించారు. టీకాలు వేసే వరండాను ఖాళీ చేయించి, దానికి ప్రత్యక్ష భోజన పరిశీలన కేంద్రం అని పేరు పెట్టారు. టీకాలు మెట్ల కిందికి వెళ్ళాయి. రోగులు క్యారేజీ తెచ్చుకుని అక్కడే తినాలి. వార్డుబాయి ముకుందానికి పరిశీలకుడి హోదా ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసి, చేతికి నోటుబుక్కు ఇచ్చారు. ముకుందం మంచివాడే గాని రాసే పని వచ్చేసరికి అతనిలో ఏదో మేలుకుంది. పరాయి మగాడు తేరిపార చూస్తుంటే షెడ్డు ఆడవాళ్ళు సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేవారు. వాళ్ళ పేర్ల పక్కన అతను “ముఖము గోడవైపు ఉన్నందున మింగినట్లు నిర్ధారణ కాలేదు” అని రాసేవాడు.

చద్దన్నం దగ్గర ఇంకో చిక్కొచ్చింది. షెడ్డుకు వెళ్ళేవాళ్ళు పొద్దున్న తినేదే అది. నీళ్ళలో నానిన ఆ మెతుకులను ఆహారమనాలా పానీయమనాలా అని ముకుందం లిఖితపూర్వకంగా అడిగాడు. ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. వాళ్ళు రెండుసార్లు సమావేశమై, రెండోసారి రుచి కూడా చూసి, నీటి శాతం మీద భిన్నాభిప్రాయాలున్నందున అంశము పరిశీలనలో ఉన్నదని తేల్చారు. అంతవరకు చద్దన్నం తిన్నవాళ్ళను తాగినవాళ్ళుగా నమోదు చేశారు.

తవిటమ్మ ఆ తర్వాత వచ్చినప్పుడు ఆ లెక్కలోనే వెనక్కి పోయింది. ఆమె మళ్ళీ వచ్చేనాటికి పట్నాయక్‌కు అసలైన ఆలోచన వచ్చింది. మనుషుల మాట, ముద్ర, ముకుందం చూపు, ఏదీ నమ్మకూడదు, కడుపునే అడగాలి. ఆసుపత్రిలో స్కానింగు యంత్రం ఉండనే ఉంది. బిళ్ళ కావలసిన ప్రతి రోగీ కడుపు స్కాను చేయించుకుని, నిండుగా ఉన్నట్టు రిపోర్టు తేవాలని ఆజ్ఞ అయింది. స్కానింగు గది తలుపు మీద మాత్రం యంత్రం వచ్చిన నాటి నుంచి ఒకటే బోర్డు: పరగడుపున వచ్చిన వారికే కడుపు స్కాను తీయబడును. టెక్నీషియను ఆ బోర్డు చూపించి తినొచ్చిన వాళ్ళను వెనక్కి పంపేశాడు. అరుంధతి ఆ సంగతి కాగితం మీద పెడితే మూడో రోజున వివరణ వచ్చింది. “రెండు నిబంధనలును అమలులో ఉన్నవి. కావున రోగులు పరగడుపున వచ్చి, కడుపు నిండుగా ఉన్నట్లు స్కాను చేయించుకొనవలెను.”

తవిటమ్మ ఆ వివరణ ప్రకారం పరగడుపున వచ్చి స్కాను తీయించుకుంది. కడుపు ఖాళీగా ఉందని రిపోర్టు వచ్చింది. దాని మీద ‘తిరస్కరించడమైనది’ అన్న రబ్బరు ముద్ర వేయవలసింది అరుంధతే. వేసింది. తవిటమ్మ కోప్పడలేదు. కాగితం మడిచి కొంగున దోపుకుంటూ ఒక మాట అంది.

“తిన్నావా లేదా అని ఇంతమంది అడిగినారు గానమ్మా, నొప్పెక్కడని ఒక్కరూ అడగలేదేటి?”

అరుంధతి జవాబు చెప్పేలోగా వెనకనున్న మనిషి పత్రం కిటికీలోకి వచ్చేసింది. ఆ తర్వాత తవిటమ్మ ఆసుపత్రికి రాలేదు.

ఆమె ఒక్కతే కాదు, ఎవరూ రాలేదు. నెలన్నర పాటు ఆ కిటికీ నుంచి ఒక్క నొప్పి బిళ్ళ బయటికి పోలేదు. పట్నాయక్ జిల్లాకు పంపిన నివేదికలో ‘నొప్పి మాత్రల వలన హాని కలిగిన రోగులు’ అన్నచోట సున్నా పడింది. ఆ సున్నాను ఆయన ఎర్ర సిరాతో దిద్ది, చుట్టూ ఒక డబ్బా గీశాడు. రేవులవలస జిల్లాలో ప్రథమ స్థానంలో నిలిచింది.

అరుంధతికి ఆ సున్నా నమ్మబుద్ధి కాలేదు. పిక్కలు కొట్టడం ఆగలేదు, నడుములు నొప్పి పెట్టడం మానలేదు, బిళ్ళలు మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయాయా? జవాబు బస్టాండు పక్క బడ్డీ కొట్టులో దొరికింది. షాంపూ పొట్లాల దండ పక్కన ఎర్రబిళ్ళల దండొకటి, తెల్లబిళ్ళల దండొకటి వేలాడుతున్నాయి. రెండూ నొప్పి బిళ్ళలే, రెండూ గట్టివే. ఆమె ఎవరు కొంటున్నారని అడిగితే, కొట్టతను మర్యాదగా లేచి నిలబడి, షెడ్ల వాళ్ళేనండి, మీరు ఆసుపత్రిలో కట్టుదిట్టం చేశాక మాకు బాగుందండి అన్నాడు. పొద్దుట ఎర్రది, రాత్రి తెల్లది వేసుకుంటే బాగా పనిచేస్తుందని కూడా అతనే అందరికీ చెబుతున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకు ఆమె పెద్ద షెడ్డుకు వెళ్ళింది. తవిటమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయి పసుపు తిరిగింది, కాళ్ళు వాచి చెప్పుల పట్టీలు దిగబడ్డాయి. అరుంధతి పక్కన కూర్చుని పాత ప్రశ్నలన్నీ అడిగింది. నలభై రోజులుగా రోజూ ఎర్రదీ తెల్లదీ, వాటితో పాటు బీపీ బిళ్ళ. తిన్నాకే వేసుకుంటున్నానని తవిటమ్మ గట్టిగా చెప్పింది. ఆసుపత్రిలో అంతమంది అన్నిసార్లు చెబితే ఆ ఒక్క మాటా ఎలా మరిచిపోతానంది. విరేచనం సంగతి అడిగితే కాస్త తటపటాయించింది.

“మూడ్రోజులై తారులాగ అవుతంది. సోడంబలి తాగుతాను కదా, దానికనుకున్నాను.”

రాగులతో కాచే ఆ అంబలికి అంత నలుపు రాదని అరుంధతికి తెలుసు. ఆటో పిలిచి, తవిటమ్మను చేతులమీద ఎక్కించి నేరుగా అత్యవసర విభాగానికి తీసుకుపోయింది. దారిలో తవిటమ్మ రెండుసార్లు కళ్ళు తేలేసింది. డ్యూటీ డాక్టరు చూసి, కడుపులో రక్తం పోతున్నదని, కిడ్నీలు కూడా మందగించాయని చెప్పి, సెలైను పెట్టి, అంబులెన్సులో నగరంలోని పెద్దాసుపత్రికి పంపాడు. అరుంధతి అంబులెన్సు తలుపు పట్టుకుని వీధి దాకా నడిచింది. తలుపు మూసుకున్నాక తన కుడి చెయ్యి చూసుకుంది. స్కాను రిపోర్టు మీద తిరస్కరణ ముద్ర వేసింది ఆ చేత్తోనే.

సంగతి తెలిసి పట్నాయక్ ఆ సాయంత్రమే వచ్చాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తవిటమ్మ బతుకుతుందా అని అడగలేదు. ఆమె తిని వేసుకుందా, తినకుండానా అని అడిగాడు. తవిటమ్మ కూతురు గౌతమి అక్కడే ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ప్రతిసారీ తిన్నాకే వేసుకుందని, తనే స్వయంగా కంచం కడిగానని చెప్పింది. ఆ మాటతో పట్నాయక్‌కు ప్రాణం లేచి వచ్చింది. తిని వేసుకున్నవారికి ప్రమాదము లేదని ఉత్తర్వు చెబుతున్నది గనక, ఈ రక్తస్రావానికి మాత్రలు కారణం కావడానికి వీల్లేదని, దీన్ని ‘ఇతర కారణములు’ కింద రాసుకోవచ్చని సూపరింటెండెంటుతో చెప్పాడు. విరూపాక్షరావు గోడ క్యాలెండరు వైపు చూస్తూ తలూపాడు.

అరుంధతి వాళ్ళిద్దరి ముందుకు వచ్చింది.

“ఆవిడ తిన్నాకే వేసుకుందండి. బీపీ ఉన్న మనిషి నలభై రోజులు, రెండు రకాలు కలిపి వేసుకుంది. కడుపులో అన్నం ఉంటే మంట కాస్త తగ్గుతుందేమో గాని, కిడ్నీలకు ఆ అన్నం ఏం కాపలా కాస్తుంది? వద్దని మొదటివారం నేనే చెప్పి పంపాను. తర్వాత చెప్పే వీలు లేకుండా చేశారు.”

పట్నాయక్‌కు ఏమాత్రం కోపం రాలేదు. “మీరు చెప్పేది వైద్యశాస్త్రం కావచ్చమ్మా,” అన్నాడు. “నేను నిబంధన గురించి మాట్లాడుతున్నాను.”

సున్నా సున్నాగానే ఉండిపోయింది. మరుసటి నెల జిల్లా కేంద్రంలో సభ పెట్టి, పట్నాయక్‌కు శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చారు. రాజధాని నుంచి ఆ పెద్దాయనే స్వయంగా వచ్చి గంటా నలభై నిమిషాలు మాట్లాడాడు.

తవిటమ్మ పంతొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. నాలుగు సీసాల రక్తం ఎక్కించారట. కిడ్నీలు సగం దాకా కోలుకున్నాయి. మిగతా సగం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ జాతి బిళ్ళలు ఇక జన్మలో ముట్టుకోవద్దని, గంటకోసారి లేచి నడవమని, నొప్పికి కాపడం పెట్టుకుని, తప్పనప్పుడు డాక్టరు చెప్పిన తేలిక బిళ్ళ మాత్రం వేసుకోమని రాసిచ్చారు. అరుంధతి చూడబోయింది. క్షమించమని అడగాలని నోరు తెరిచింది. తవిటమ్మ ఆ కుడి చెయ్యే పట్టుకుని, ఆటో ఎక్కించింది నువ్వే కదమ్మా అని ఊరుకుంది. అక్కడి నుంచి ఇంటికి నడుస్తుంటే అరుంధతి చాలా రోజుల తర్వాత ఏడ్చింది.

ఆ వారం నుంచే ప్రతి గురువారం మధ్యాహ్నం, తన అన్నం వేళ మానుకుని, ఆమె షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. కిటికీ దగ్గర అడగనివ్వని ప్రశ్నలు అక్కడ అడిగేది. మొదటిరోజు ఆడవాళ్ళు మర్యాదకు విన్నారు. రెండో గురువారం తవిటమ్మ లేచి నిలబడింది. మందులమ్మ చెప్పినట్టు చెప్పడం ఆమెకు రాదు. తనకెలా జరిగిందో అలా చెప్పింది.

“ఎర్రదొకటి, తెల్లదొకటి వేసుకున్నాను. నొప్పి పోనాది, నిజమే. నెత్తురు కూడా పోనాది. నల్లగ అయితే అది సోడంబలి కాదు, నీ నెత్తురేనని నాకు ఎవులూ సెప్పలేదు. నాను మీకు సెబుతున్నాను. బీపీ ఉన్నోళ్ళు, కిడ్నీ ఉన్నోళ్ళు, ఆ దండల కాసి సూడకండి.”

తర్వాత ఒకామె కొంగుముడి విప్పి ఎర్రబిళ్ళలు తీసి నేలమీద పెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె, ఆపైన మరో నలుగురైదుగురు. నెలాఖరుకు మూడు షెడ్లలో తవిటమ్మ మాట్లాడింది. బడ్డీ కొట్టతను దండలు దించేసి, వాటి స్థానంలో తువ్వాళ్ళు వేలాడదీశాడు.

ఇంత జరిగాక జిల్లా కార్యాలయం నుంచి మెమో రాకుండా ఉంటుందా? వచ్చింది. తగు అనుమతి లేకుండా శ్రీమతి తవిటమ్మ అను వ్యక్తిచే ఔషధ విషయములపై ప్రసంగింపజేసినట్లు తెలియవచ్చినదనీ, సదరు వ్యక్తి విద్యార్హత, అనుభవము, పొందిన శిక్షణ వివరములు జతపరచిన నమూనాలో మూడు దినములలో సమర్పించనిచో క్రమశిక్షణా చర్య తీసుకొనబడుననీ అందులో ఉంది. అరుంధతి రాజీనామా రాసి చించేసింది. తర్వాత నమూనా ముందు పెట్టుకుని, ఒక్క అక్షరం అబద్ధం లేకుండా నింపింది.

విద్యార్హత: రెండవ తరగతి. అనుభవము: నలభై దినములు, రెండు రకముల మాత్రలతో. శిక్షణ ఇచ్చిన సంస్థ: పెద్దాసుపత్రి, స్త్రీల వార్డు. శిక్షణా కాలము: పంతొమ్మిది దినములు, అక్కడే బస. శిక్షణలో వినియోగించిన సామగ్రి: రక్తము, నాలుగు సీసాలు.

సంతకం చేసి పంపించాక ఉద్యోగం పోతుందనే అనుకుంది. ఇంట్లో కూడా అదే చెప్పి ఉంచింది. పదిరోజులకు జవాబు వచ్చింది. విరూపాక్షరావు తన గదిలోకి పిలిచి, కాగితం చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగాడు. అరుంధతి నిలబడే చదివింది.

“నమూనాలోని గడులన్నియు పూరించబడినందున తమ సమాధానము సంతృప్తికరముగా ఉన్నది. శ్రీమతి తవిటమ్మ పొందిన శిక్షణ మిక్కిలి ఆచరణాత్మకముగా ఉన్నట్లు ఈ కార్యాలయము గుర్తించినది. కావున జిల్లాలోని ప్రతి ఆసుపత్రి పరిధి నుండి పదిమందికి తక్కువ కాకుండా స్త్రీలను ఎంపిక చేసి, వారికి కూడ ఇదే శిక్షణ ఇప్పించవలసినదిగా ఆదేశించడమైనది.”